ఊపిరి కాపలా

తమ్ముడికి కత్తి పట్టే చెయ్యి పోయిన రోజు, లెక్కల మాస్టారి గడ్డం సగమే అయింది.

కుడి బుగ్గ నున్నగా తేలింది. ఎడమ బుగ్గ మీద, మెడ మీద నురుగు అలాగే ఉంది. తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, మాస్టారు ఎప్పటిలాగే కునుకు తీస్తున్నారు. తమ్ముడు ఆయన దవడ కింద రెండు వేళ్ళు ఆనించి చర్మం బిగదీశాడు. కత్తి దించబోతూ ఆగాడు. మాస్టారి గొంతు కింద గుంట ఒకసారి లోపలికి పోయి పైకి లేచింది. మళ్ళీ లోపలికి పోవాలి. పోలేదు.

తమ్ముడు చూస్తూ నిలబడ్డాడు. ఎదురుగా అద్దంలో కత్తి ఎత్తి పట్టుకున్న మనిషి కూడా కదలకుండా నిలబడ్డాడు. కత్తి అంచు మీది నురుగు జారి మణికట్టు మీద పడింది.

"ఏం తమ్ముడూ, ఆగిపోయావ్?" మాస్టారు కళ్ళు తెరవకుండానే అడిగారు.

"మీరు ఊపిరి తీసుకోవట్లేదు మాస్టారూ."

"తీసుకోకపోతే నీతో ఎలా మాట్లాడుతున్నానయ్యా?"

అప్పుడు మాస్టారు కళ్ళు తెరిచి అద్దంలోకి చూశారు. తమ్ముడి చెయ్యి వణుకుతోంది. అతను ఆ చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. వణుకు రెండు చేతులకీ పాకింది. కత్తి మడిచి సొరుగులో పెట్టి, సొరుగు మూసి, తడి తువ్వాలుతో మాస్టారి మొహం తుడిచాడు.

"సగం మొహంతో ఇంటికి వెళ్తే మా ఆవిడ తలుపు తీయదు," అన్నారు మాస్టారు లేస్తూ. తమ్ముడు నవ్వకపోయేసరికి ఆయన గొంతు తగ్గించారు. "సర్లే. రెండో వైపు తిరిగి తలుపు కొడతాను. నువ్వు ఇంటికి వెళ్ళి పడుకో."

వీధిలో అందరికీ అతను తమ్ముడే. తల నెరిసినా, కళ్ళజోడు వచ్చినా, అద్దాల ముందు రెండు కుర్చీలు వేసి అన్న ఒకదాని వెనక, అతను రెండోదాని వెనక నిలబడ్డ రోజుల నాటి పిలుపు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు మొదటి కుర్చీ మీద పాత దుప్పటి కప్పి ఉంది. పిలుపు మాత్రం ఎవరూ మార్చలేదు.

ఆ రోజు నుంచి తమ్ముడు జుట్టే కత్తిరించాడు. గడ్డం అని వచ్చినవాళ్ళకి చెయ్యి బాగాలేదని చెప్పాడు. పొద్దున్నే ఆఫీసులకి పోయేవాళ్ళ రద్దీ మెల్లగా వీధి చివరి కొత్త షాపుకి మళ్ళింది. షాపుకి ఊపిరి పోసేది ఆ పొద్దుటి గడ్డాలే అని అన్న ఎప్పుడూ అనేవాడు. అవి పోతే నెలకోసారి జుట్టుకి వచ్చేవాళ్ళతో షాపు ఎన్నాళ్ళో నిలవదని తమ్ముడికి తెలుసు. పని లేనప్పుడు సొరుగు తెరిచి కత్తి చూసేవాడు. తోలు పట్టీ మీద నాలుగుసార్లు నూరేవాడు. మళ్ళీ మూసేవాడు.

*

వదిన బంగాళాదుంపల తొక్క తీస్తోంది. తొక్క తెగకుండా చుట్టలు చుట్టలుగా కిందికి దిగడం ఆమె పనితనం. ఆ రోజు మాత్రం ముక్కలుగా తెగి పడుతోంది.

"మందుల షాపాయన ఎదురొచ్చాడు," అంది తలెత్తకుండా. "మొహం అద్దంలా ఉంది. మన దగ్గర చేయించుకున్నది కాదు."

"కాదు."

"ఆసుపత్రికి వెళ్ళవా అబ్బాయ్?"

"చెయ్యి విరగలేదుగా."

"చేతి కోసం కాదు. మీ అన్న ఆక్సిజన్ సిలిండర్ తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నర్సుతో మాట్లాడాను. వెనక బిల్డింగులో ఒక డాక్టరమ్మ ఉందట. మనసు బాగాలేనివాళ్ళని కూర్చోబెట్టి ఏదో నేర్పిస్తుందట. మందులు కూడా ఉండవట."

"నాకు పిచ్చెక్కిందంటావా?"

"ఎక్కితే నేను చెప్పాలా? వీధి చెప్పదూ?"

అతనికి నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. కత్తిపీట పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"నిద్రలో నీకు ఊపిరి సరిగ్గా ఆడట్లేదు. కాసేపు ఆగి, ఒక్కసారిగా లాగుతావు. అది బాగుచేస్తుందేమో ఆవిడ. వెళ్ళు. నా మాట విను."

పెళ్ళి చేసుకోకుండా ఆ ఇంట్లోనే ఉండిపోయిన మనిషి అతను. కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ వదినే జ్వరానికి తడిగుడ్డ వేసింది, షాపుకి ఆలస్యమైతే అన్న తిట్లకి అడ్డుపడింది. ఆమె 'నా మాట విను' అంటే అతనికి ఎదురు చెప్పడం చేతకాదు.

"వెళ్తాలే," అన్నాడు.

"గది తలుపు వేసుకోకు. గడియ బిగుసుకుపోతోంది. తర్వాత తీయలేక చావాలి."

గడియకి నూనె వేస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు కానీ పైకి అనలేదు.

*

క్లాసు జరిగేది కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళకి వ్యాయామాలు చేయించే గదిలో. గోడకి ఎముకల బొమ్మలు, మూలన రబ్బరు బంతులు, నేల మీద నీలం చాపలు. కిటికీ అవతల ఎవరో స్ట్రెచరు చక్రాలకి నూనె పెడుతున్నారు. వచ్చినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్న బస్సు కండక్టరు ఒకడు, కూతుర్ని పోగొట్టుకున్న, బట్టలు కుట్టే ఆవిడ ఒకరు.

డాక్టరమ్మ చిన్నమ్మాయే. కళ్ళజోడు ముక్కు మీదికి జారుతూ ఉంటుంది.

"బాధని తరిమేయడానికి మనం ఇక్కడికి రాలేదు," అంది. "బాధ వచ్చినప్పుడు దానితో పాటు కొట్టుకుపోకుండా, అది వచ్చిందని చూడటం నేర్చుకుంటాం. దాన్ని ఎరుక అందాం. చూడటానికి ఒక చోటు కావాలి. ఊపిరి ఎప్పుడూ మనతోనే ఉంటుంది కాబట్టి దానితో మొదలుపెడదాం. కళ్ళు మూసుకోండి. ఊపిరి లోపలికి వెళ్తోంది, బయటికి వస్తోంది. మార్చొద్దు. ఊరికే గమనించండి. దృష్టి పక్కకి పోతుంది. పోవడం తప్పు కాదు. పోయిందని తెలిశాక కోప్పడకుండా వెనక్కి తీసుకురండి."

తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. గమనించండి అనే మాట అతనికి కొత్తది కాదు. ఆసుపత్రి వాళ్ళు అన్నని ఇంటికి పంపించేటప్పుడు చెప్పినదీ అదే. ఊపిరి ఎలా ఉందో గమనిస్తూ ఉండండి, అన్నారు. అతను మంచం పక్క స్టూలు వేసుకుని గమనించాడు. షాపు మూసి గమనించాడు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోవడం, వదలడం, మధ్యలో ఖాళీ. ఆ పని అతనికి బాగా వచ్చు.

ఊపిరి లోపలికి. పట్టుకున్నాడు. బయటికి. పట్టుకున్నాడు. కిటికీ అవతల స్ట్రెచరు కీచుమంది. వినలేదు. కండక్టరు గురక మొదలుపెట్టాడు. వినలేదు. నుదుటి మీద చెమట పట్టింది. తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే చేతి మీదికి దృష్టి పోవాలి.

కళ్ళు తెరవమన్నాక డాక్టరమ్మ ఒక్కొక్కరినీ ఎలా ఉందని అడిగింది.

"హాయిగా ఉందమ్మా," అన్నాడు కండక్టరు. "డిపోలో కూడా ఇలాంటి చాప ఒకటి వేయించి ఉంటే నేను ఉద్యోగం మానేవాణ్ణి కాదు."

అందరూ నవ్వారు. బట్టలు కుట్టే ఆవిడ తన దృష్టి పోతూనే ఉందని, ఒక్క ఊపిరి కూడా పూర్తిగా చూడలేకపోయానని నొచ్చుకుంది.

"మీరు?"

"పోలేదండి," అన్నాడు తమ్ముడు.

"దృష్టి పోలేదా? మొదటిసారే!" డాక్టరమ్మ మొహం వెలిగింది. "అద్భుతం. చూశారా, పట్టుదల ఉంటే వస్తుంది. ఇంటి దగ్గర కూడా రోజూ చేయండి."

ఫోన్లో ఆమె గొంతు రికార్డు చేసి ఇచ్చారు. తమ్ముడు రోజూ పొద్దున్నే, షాపు షట్టరు సగం పైకి లేపి, రెండో కుర్చీలో కూర్చుని విన్నాడు. మెచ్చుకున్నారు కదా అని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళు తెరిచాక కూడా వదల్లేదు. జుట్టు కత్తిరిస్తూ అద్దంలో వచ్చినవాళ్ళ ఛాతీలే చూశాడు. బెంచీ మీద పేపరు చదివేవాడి పొట్ట ఎత్తూ పల్లం చూశాడు. ఒక పెద్దాయనకి చెవి వెనక కత్తెర తగిలి రక్తం చుక్క వచ్చింది. పటిక అద్ది, డబ్బులు వద్దన్నాడు.

ఊపిరి క్లాసులో ఏం చెప్తున్నారని వదిన అడిగింది.

"ఊపిరి చూసుకోమన్నారు."

"మంచిది," అంది వదిన. "చూసుకో."

*

మళ్ళీ క్లాసు రోజున కండక్టరు చాప మీద కూర్చుంటూ తమ్ముడి భుజం తట్టాడు. "మన క్లాసు ఫస్టు ఈయనే. మాకు కాస్త చూసి రాయనివ్వండి సారూ."

తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. పట్టుకున్నాడు. ఈసారి డాక్టరమ్మ చాపల మధ్య మెల్లగా నడుస్తూ వచ్చి అతని దగ్గర ఆగింది. మోకాళ్ళ మీద వదులుగా ఉండాల్సిన అతని చేతులు పిడికిళ్ళయి ఉన్నాయి. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. అందరినీ కళ్ళు తెరవమని, అతని ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"ఈసారి కూడా దృష్టి పోలేదా?"

"లేదండి. ఒక్కసారి కూడా."

ఈసారి ఆమె మొహం వెలగలేదు. కళ్ళజోడు పైకి తోసుకుంది.

"పోతే ఏమవుతుంది?"

అంత తేలిక విషయం ఆమెకెలా తెలియదని అతనికి ఆశ్చర్యం వేసింది. "ఆగిపోతుంది," అన్నాడు.

"ఆగదండి," అంది డాక్టరమ్మ మృదువుగా. "మీరు చూడకపోయినా ఊపిరి దాని పని అది చేసుకుంటుంది. కాసేపు పక్కకి పోయి తిరిగి చూస్తే, అది అక్కడే ఉంటుంది."

"మా అన్నకి లేదండి."

కావాలని చెప్పలేదు. బయటికి వచ్చేసింది. వచ్చాక మిగతాది ఆపడానికి వీల్లేకపోయింది.

"మధ్యాహ్నం పూట. నేను చూస్తున్నంతసేపూ ఉంది. గ్యాపు ఎక్కువైంది కానీ ఉంది. వంటింట్లో కొళాయి కారుతోంది. కట్టేద్దామని లేచాను. వాషరు అరిగిపోయింది, ఎంత తిప్పినా ఆగలేదు. దారం ముక్క వెతికి కట్టాను, నీళ్ళు చప్పుడు లేకుండా దాని వెంట దిగుతాయని. వచ్చి చూస్తే లేదు."

బట్టలు కుట్టే ఆవిడ తల దించుకుంది. కిటికీ అవతల చక్రాల చప్పుడు వచ్చి పోయింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పొరపాటు నాది. ఊపిరి అందరికీ ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను. మిమ్మల్ని ఇన్నాళ్ళూ అదే మంచం పక్కన కూర్చోబెట్టాను. పైగా మెచ్చుకున్నాను."

"పర్లేదండి," అన్నాడు తమ్ముడు, షాపులో తల మీద నీళ్ళు పోసేటప్పుడు చెవిలోకి పోతే వచ్చినవాళ్ళు అనేట్టే.

"ఊపిరి జోలికి ఇక పోవద్దు. కళ్ళు కూడా మూయొద్దు. మీరు పనిలో ఎక్కువ నిలబడే ఉంటారు కదా? పాదాలు చూద్దాం."

"పాదాలా? అవి ఉన్నాయని నొప్పి పుట్టినప్పుడే గుర్తొస్తుందండి."

"సరిపోతుంది. లేచి నిలబడండి. ఏ పాదం మీద బరువు ఎక్కువ పడుతోంది?"

అతను నిలబడ్డాడు. ఎడమ మడమ. ఎప్పుడూ అదే. చాప కింద నేల చల్లగా ఉంది. కాలి వేళ్ళు ఏళ్ళ తరబడి నిలబడి ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. చూస్తుండగానే దృష్టి పోయి డాక్టరమ్మ గొంతు కింద గుంట మీద వాలింది. అతను భయంగా ఆమె వైపు చూశాడు.

"పోయిందా?"

"పోయింది."

"పాదాలు ఎక్కడికైనా వెళ్ళాయా?"

అతను కిందికి చూశాడు. పాదాలు చాప మీదే ఉన్నాయి.

"చూసుకోండి మరి," అన్నాడు కండక్టరు వెనక నుంచి. "ఫస్టు ర్యాంకు పోయింది సారుది."

*

మర్నాడు షాపు తెరిచేసరికి మాస్టారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. గడ్డం తెల్లగా, ఒత్తుగా మాసి ఉంది.

"మనవరాలు ముద్దు పెట్టనంటోంది," అన్నారు.

"వీధి చివర చేస్తారు కదా మాస్టారూ."

"వెళ్ళాను. వాడు మొహం మీద ఏదో స్ప్రే కొట్టాడు. దోమలమందేమోనని లేచి వచ్చేశాను."

తమ్ముడు సొరుగు దగ్గరకి వెళ్ళాడు. చాలాసేపు తోలు పట్టీ మీద కత్తి నూరాడు. మాస్టారు కుర్చీ ఎక్కి తల వాల్చారు.

రెండో కుర్చీ వెనక సిమెంటు నేల రెండు చోట్ల కొద్దిగా లోతు పడి ఉంటుంది. అన్నాళ్ళు నిలబడి అరిగిన చోటు. తమ్ముడు చెప్పులు విడిచి ఆ రెండు పల్లాల్లో పాదాలు పెట్టాడు. నున్నగా, చల్లగా తగిలాయి. మొదటి కుర్చీ వెనక కూడా అలాంటివి రెండున్నాయి. అటు చూడలేదు.

బ్రష్షు తిప్పి నురుగు లేపాడు. కుడి బుగ్గ, వెంట్రుక వాలుకి ఒకసారి. ఎడమ మడమ. కత్తి కింద గరగరమనే సన్నటి చప్పుడు. ఎడమ బుగ్గ. పై పెదవి. దవడ కింద వేళ్ళు పెట్టి బిగదీశాడు. గుంట లోపలికి పోయింది. కత్తి ఆగింది. పాదాలు. పల్లాల్లోనే ఉన్నాయి. కత్తి కదిలింది. మళ్ళీ గుంట, మళ్ళీ ఆగడం, మళ్ళీ పాదాలు. వెళ్ళడం, రావడం. దవడ కింద నుంచి మెడ సగం దాకా అలా దిగాడు. వీపు తడిసిపోయింది. గుంట చుట్టూ అరచేతిలో సగమంత చోటు మిగిలింది. అక్కడికి మాత్రం చెయ్యి దిగలేదు. ఎంత నిలబడినా దిగలేదు.

నురుగు తుడిచి, పటిక రాసి, కుర్చీ లేపాడు. మాస్టారు అద్దంలో మెడ తడుముకున్నారు.

"ఇక్కడ పొద వదిలేశావేంటయ్యా?"

"అది తర్వాత చేస్తా మాస్టారూ. ఇవాళ కాదు."

మాస్టారు చొక్కా పై గుండీ పెట్టుకున్నారు. "కనపడదులే," అన్నారు.

*

వదినతో చెప్పాలని ఆ సాయంత్రం పెందలాడే ఇల్లు చేరాడు. వంటింట్లోంచి కత్తిపీట చప్పుడు వినిపిస్తోంది. కాసేపు నడుం వాల్చి చెబుదామని గదిలోకి వెళ్ళి మంచం మీద పడుకున్నాడు. కిటికీలోంచి పలచటి ఎండ కాళ్ళ మీద పడింది.

పాదాలకి ఎండ తెలిసింది. మడమల కింద దుప్పటి గరుకు తెలిసింది. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. ఊపిరి సంగతి ఊపిరికి వదిలేశాడు. అది ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో, మధ్యలో ఎంతసేపు ఆగిందో అతను చూడలేదు. అన్న పోయాక అలా చూడకుండా ఉండటం అదే మొదలు.

వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగి చాలాసేపయిందని తోచింది. కళ్ళు తెరిచాడు.

ఓరగా ఉన్న తలుపు దగ్గర వదిన నిలబడి ఉంది. ఒక చెయ్యి గుమ్మం మీద, ఇంకో చేతిలో సగం తొక్క తీసిన బంగాళాదుంప. అతని కళ్ళ వైపు చూడట్లేదు. ఛాతీ వైపు చూస్తోంది. లెక్కపెడుతున్నట్టు పెదవులు సన్నగా కదులుతున్నాయి. ఆమె ఛాతీ మాత్రం కదలట్లేదు.

ఆ నిలబడటం అతనికి తెలుసు. ఆ రోజు కత్తి ఎత్తి పట్టుకుని అద్దంలో అలాగే నిలబడింది తనే.

అతను కావాలని చప్పుడయ్యేలా ఊపిరి పీల్చాడు. వదిన కూడా పీల్చింది.

"ఎన్నాళ్ళ నుంచి వదినా?"

"ఏంటి?" ఆమె దుంపని వెనక్కి దాచుకుంది. "నిద్రపోయావేమో, టీ పెట్టాలా వద్దా అని చూస్తున్నా."

"తలుపు గడియ బానే ఉంది కదా."

ఆమె గుమ్మంలోంచి కదల్లేదు. దుంపని మళ్ళీ ముందుకి తెచ్చి, దాని వైపు చూస్తూ అంది.

"ఆ రోజు నిన్ను లేపి పంపింది నేనే కదా."

"ఎక్కడికి?"

"కొళాయి దగ్గరికి. ఆ చప్పుడు వినలేకపోతున్నాను, కాస్త కట్టెయ్ అబ్బాయ్ అన్నాను. నువ్వు లేచావు. నేను కళ్ళు మూసుకుని ఆ చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని కూర్చున్నాను. ఆగింది. హమ్మయ్య అనుకున్నాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నేను మంచం మీదే ఉన్నాను. చెయ్యి ఆయన కాలి మీదే ఉంది. హమ్మయ్య అనుకున్నాను."

అతను లేచి కూర్చున్నాడు. కొళాయి గుర్తుంది. దారం గుర్తుంది. ఆమె అడిగిన మాట మాత్రం ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ తనంతట తనే లేచాననుకున్నాడు. ఆమె పిలిచిందని గుర్తుండి ఉంటే ఆ తప్పు ఆమె మీద వేసి ఉండేవాడా? తెలియలేదు.

"కూర్చో వదినా."

"పొయ్యి మీద పెట్టాను."

"కట్టేసి రా. ఇక్కడ కూర్చుని పాదాలు నేల మీద పెట్టు. డాక్టరమ్మ చెప్పింది. కష్టమేం కాదు."

"పాదాలా?" ఆమె నవ్వింది, సగం. "నాకెందుకవన్నీ. నాకేమైంది? నువ్వు బాగుంటే చాలు."

"వచ్చే క్లాసుకి నాతో రా."

వదిన వస్తాననలేదు. రాననలేదు. వంటింట్లోకి వెళ్ళిపోయింది. కత్తిపీట చప్పుడు మళ్ళీ మొదలైంది. కొంచెంసేపు సాగి, ఆగింది. ఆగినప్పుడల్లా అతను మంచం మీద నుంచి దగ్గాడు, తను ఉన్నానని ఆమెకి తెలిసేలా. చప్పుడు మళ్ళీ మొదలయ్యేది.

చీకటి పడుతుండగా, వదిన తెచ్చిచ్చిన టీ తాగి, గ్లాసు కడగడానికి లేచి వెళ్ళాడు. దారం కొళాయికి అలాగే కట్టి ఉంది. నీళ్ళు దాని వెంట చప్పుడు లేకుండా బకెట్లోకి దిగుతున్నాయి. వాషరు ఇంకా మార్చలేదు.